అట్టపెట్టెతో కొమ్ముల టోపీ

  

సంఘం వాళ్లు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు ‘సంస్కృతి పరిరక్షణ’ అని పెద్ద పేరు పెట్టి ఇచ్చారు. అంత బరువు మా తల మోయలేదు. మేము బాన్సువాడలో గిరిజన బాలికల హాస్టల్ నడిపేవాళ్లం. తెల్లవారి ఐదింటికి పాల లెక్క, రాత్రి పదింటికి గేటు తాళం, నడుమ పిల్లల జ్వరాలు, పేన్లు, పరీక్షలు. అందుకని మా చేతుల మీదుగా నడిచిన ఒక చిన్న పని చెబుతాం. గత ఏడాది ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి, మా పిల్లలు అట్టపెట్టెలతో ఎనిమిది కొమ్ముల టోపీలు చేశారు. వాటిని పెట్టుకుని ఆడారు. ఎలా చేశారో చెప్పడం తేలికే. ఆ టోపీయే ఎందుకు చేశారు, ఇంకొకటి ఎందుకు చేయలేదు అన్నది చెప్పడానికి కొంచెం ఓపిక పట్టాలి.

మేము, మేము అని పదేపదే అంటాం. గౌరవానికి అనుకోకండి. వార్డెన్ ఒక్కరే చేసిన పని కాదు గనుక అంటున్నాం. వంటగదిలో ఇద్దరు అక్కలున్నారు, రాత్రి కాపలా అమ్మ ఉంది, సాయంత్రం లెక్కలు చెప్పడానికి వచ్చే టీచరమ్మ ఉంది, తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నారు. అందరం కలిస్తే ‘మేము’.

జూలైలో ఒక కబురు వచ్చింది. ఎవరు పంపారన్నది ఇక్కడ అక్కర లేదు. ‘మీ పిల్లలతో ట్రైబల్ డాన్స్ వేయించండి, డ్రెస్సులు మేమే కిరాయికి తెప్పిస్తాం’ అన్నారు. వెనకాలే ఫోన్‌కు ఫొటో వచ్చింది. నడుముకు ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకుల లంగా, ముఖం నిండా తెల్ల చుక్కలు, చేతిలో అట్ట బల్లెం, తలకు రంగు రంగుల ఈకల పట్టీ. మన జిల్లాలోనే కాదు, చాలా ఊళ్ల స్కూళ్లలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అంటే గిరిజనుల వేషం ఇదే. ఈ ఈకల పట్టీ మనది కాదు. అమెరికాలో లకోటా వంటి మైదాన తెగల పెద్దలది. వాళ్లకు అది గద్ద ఈకల కిరీటం, ఒక్కో ఈక వెనక ఒక సాహసం ఉంటుంది, దాన్ని సంపాదించుకోవాలి. కౌబాయ్ సినిమాలు దాన్ని వేషం చేశాయి, వేషాలు కిరాయికిచ్చే దుకాణాలు మన పిల్లల నెత్తిన పెట్టాయి. వాళ్లనూ అవమానించినట్టే, మనల్నీ అవమానించినట్టే.

ఫొటో పిల్లలకు చూపించాం. దాచిపెట్టి మేమే తేల్చడం మాకు ఇష్టం లేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు చూసి, ‘మేడమ్, మా దాది కూడా ఆకులు కట్టుకోలేదు కదా’ అంది. పక్కనున్న పిల్ల, ‘మా దాది పెట్టెలో అద్దాల ఫేటియా ఉంది, అది తెచ్చుకుంటా’ అంది. అక్కడికి ఆ విషయం తేలిపోయింది. డ్రెస్సులు వద్దు, మా పిల్లలు తమవి తెచ్చుకుంటారు, రెండు ఆటలు ఆడతారు అని కబురు పంపాం.

మొదటి ఆట లంబాడాలది. మా హాస్టల్‌లో ఎక్కువమంది చుట్టుపక్కల తండాల పిల్లలే. దానికి అట్టతో పని పడలేదు. ఫేటియా, కాంచళి, టుక్రి ఇంకా పెట్టెల్లో ఉన్నాయి, వాటిని కుట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. ఒక పిల్ల యాడి వాళ్ల ముసలమ్మ బిందె కింద పెట్టుకునే గవ్వల చుట్టకుదురు కూడా పంపింది. చీకిపోయిన గుడ్డ, కాని గవ్వ ఒక్కటి ఊడలేదు. దాని పక్కన మేము ఎంత అందంగా అట్ట కత్తిరించినా వెలవెలబోతుంది. ఇంట్లో అసలుది బతికున్నప్పుడు నకలు చేయకూడదని మాకు అప్పుడు అనిపించింది. పిల్లకు పని చెప్పాలంటే, పోయి దాదిని అడిగి తెచ్చుకోమనడమే పని.

రెండో ఆట మీద వాదన జరిగింది. పెద్ద పిల్లలకు గుస్సాడి మీద మనసు. ఎందుకుండదు? మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలన్నీ చూపించాయి. గుస్సాడిని గూడెం దాటించి ఢిల్లీ దాకా నడిపించిన మనిషి ఆయన. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ నెమలి ఈకల టోపీ చూస్తే ఎవరికైనా కన్ను తిప్పుకోబుద్ధి కాదు. అట్ట చట్రం చేసి, నీలం, ఆకుపచ్చ కాగితాలు ఈకల్లా కత్తిరించి అంటిస్తే స్టేజి మీద దూరానికి బ్రహ్మాండంగా కనబడుతుంది కూడా. చేయడం చేతకాక మానుకోలేదు.

గుస్సాడి వేషం కాదు. అది దీక్ష. దీపావళి రోజుల్లో రాజ్‌గోండుల దండారి బృందాలు ఊరూరా విడిదికి పోతాయి. గుస్సాడి అయినవాడు ఒళ్లంతా బూడిద పూసుకుని, ఆ పండగ ముగిసేదాకా స్నానం చేయకుండా ఉంటాడు. టోపీకి, డప్పులకు, చేతి కర్రకు ముందు పూజ జరుగుతుంది. ఎత్మాసూర్ దేవుడు వాడి మీద ఉన్నాడన్న నమ్మకంతో ఊరు వాడికి మొక్కుతుంది. అలాంటి టోపీని మేము సబ్బుల పెట్టె కోసి చేసి, ఆట అయ్యాక స్టోర్ రూమ్‌లో చీపుర్ల పక్కన పడేస్తామా? నాయకపోడుల లక్ష్మీదేవర కిరీటాలు, ముఖాలు కూడా అంతే. అవి చెక్కవి, రంగులవి, చూడముచ్చటగా ఉంటాయి, కాని కొలిచేవాళ్లకు దేవుళ్లు. ‘పద్మశ్రీ గారే స్టేజి మీద ఆడారు కదా మేడమ్’ అని ఒక పిల్ల తెలివిగా అడిగింది. ఆడారు. ఆ ఆట వాళ్లది గనుక, ఎక్కడ దాకా తీసుకుపోవాలో ఆ గీత గీసే హక్కు వాళ్లదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇక్కడ అందరం మనవాళ్లమే. లంబాడాలకు, ఉత్తరాది జిల్లాల ఆదివాసీ తెగలకు నడుమ కొన్నేళ్లుగా ఉన్న పట్టింపులు మనకు తెలియనివి కావు. 2017 చివర్లో ఉట్నూరు వైపు ఎంత దూరం పోయిందో చూశాం. దాని న్యాయాన్యాయాలు హాస్టల్ వార్డెన్లు తేల్చేవి కావు. కాని తండా పిల్ల గోండుల దేవుడి టోపీని అట్టతో చేసి పెట్టుకున్న ఫొటో ఏ ఫోన్ నుంచి ఏ ఫోన్‌కు పోతుందో, ఎవరి మనసు ఎక్కడ కాలుతుందో మనకు తెలియదు. ఆ మాట వచ్చి పడేది పద్నాలుగేళ్ల పిల్ల మీద. పెద్దవాళ్లం ముందు ఆలోచించాల్సింది అది.

మరి కొమ్ము కోయ ఎందుకు? మా హాస్టల్‌లో ఒక కోయ అమ్మాయి ఉంది. తండ్రి ఉద్యోగం మీద భద్రాచలం వైపు నుంచి ఇటు వచ్చారు. ఇంత మంది తండా పిల్లల్లో తాను ఒక్కతే, అందుకే ఎక్కువ మాట్లాడదు. గుస్సాడి వాదన నడుస్తుండగా మెల్లగా, ‘మా మామ కొమ్ము ఆట ఆడతాడు’ అంది. అందరూ అటు తిరిగారు. ఆ సాయంత్రమే మామకు ఫోన్ కలిపాం, స్పీకర్ పెట్టి, స్టడీ హాల్ మధ్యలో.

ఆయన మాట సూటి. ‘పెళ్లిలో ఆడతాం, పండగలో ఆడతాం, పిలిస్తే పట్నంలోనూ ఆడతాం. పిల్లలు ఆడితే తప్పేముంది? కాని ఇది కోయోళ్లదని మైకులో చెప్పండి. అడవోళ్లని ఊరికే అరుపులు అరవొద్దు, మేం అట్లా అరవం.’ తర్వాత నవ్వి, ‘కొమ్ములు మగోళ్లు పెట్టుకుంటారు, ఆడోళ్లు చేతులు పట్టుకుని పక్కన వరసగా ఆడతారు. మీది ఆడపిల్లల హాస్టలు, ఏం చేస్తారు మరి?’ అన్నాడు. మా అమ్మాయి వెంటనే, ‘నేను పెట్టుకుంటా మామా’ అంది. అటునుంచి ఇంకా పెద్ద నవ్వు. ‘పెట్టుకో’ అన్నాడు.

ఆ కొమ్ముల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాం. అవి అడవి దున్నవి. దున్నల్లా ఎదురెదురుగా నిలబడి, తలలు వంచి, కొమ్ములకు కొమ్ములు తాకించి ఆడడమే ఆ ఆటలో అందం. వెనక పెద్ద డోలు. గోదావరికి అవతల బస్తర్‌లో మరియా గోండులు కూడా ఇలాంటి కొమ్ముల తలపాగ పెట్టుకుంటారు, ముఖం మీదికి గవ్వల దండలు వేలాడేస్తారు. డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ అనే తెల్ల అధికారి 1938లో వాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ కొమ్ములను బట్టే వాళ్లకు ఇంగ్లిషు పేరు పెట్టాడు. అడవి దున్న 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. కొత్తగా కొమ్ములు సంపాదించడం కుదరదు, కుదరకూడదు కూడా. మామ పెట్టుకునేవి వాళ్ల తాత నాటివట. పాతవి అరిగి, పగిలి పోతే ఆ తర్వాత ఏమిటి అన్న ప్రశ్న కోయ గూడేల్లో నిజంగానే ఉంది. కాబట్టి అట్ట కొమ్ము అనేది మా హాస్టల్ సరదా మాత్రమే అనుకోకండి.

ఇక పని. తల మీద పెట్టుకునే వస్తువు తేలికగా ఉండాలన్న తెలివి మనవాళ్లకు కొత్తది కాదు. మా పాత నిజామాబాద్ జిల్లా చిందు కళాకారులనే చూడండి, రాత్రంతా ఆడాలి గనుక కిరీటాన్ని, భుజకీర్తులను తేలిక చెక్కతో చేసుకుని పైన తళుకు కాగితం, అద్దాలు అంటించుకుంటారు. నిర్మల్ బొమ్మలకు పొణికి కర్ర, చింతగింజల బంక. చేర్యాల ముఖాలకు రంపపు పొట్టు, అదే చింతగింజల బంక. మాకు పొణికి దొరకదు, రంపం పట్టే తీరికా లేదు. హాస్టల్‌లో దండిగా దొరికేది అట్టపెట్టె. నూనె ప్యాకెట్ల పెట్టె, సబ్బుల పెట్టె, నోటుపుస్తకాల పెట్టె.

అట్ట ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పెట్టె అట్టను అడ్డంగా కోసి చూస్తే రెండు కాగితాల నడుమ అలల కాగితం కనబడుతుంది. ఒక వరుస అలలుంటే త్రీ ప్లై, రెండు వరుసలుంటే ఫైవ్ ప్లై అంటారు దుకాణాల వాళ్లు. తలకట్టుకు త్రీ ప్లై చాలు. నూనె కారిన పెట్టె పనికిరాదు, బంక పట్టదు. వానకు తడిసి ఆరినది కూడా వద్దు, చూడ్డానికి బాగానే ఉన్నా లోపల అల చచ్చిపోయి ఉంటుంది.

దర్జీ టేపుతో నుదుటి మీదుగా తల చుట్టూ కొలిచాం. మా పిల్లలకు 52 నుంచి 55 సెంటీమీటర్ల దాకా వచ్చింది. ఉదాహరణకు 53 అనుకుంటే, లోపల మెత్తటి గుడ్డకు ఒకటిన్నర, ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించడానికి నాలుగు కలిపి 58 దాటి కొంచెం కోయాలి. వెడల్పు ఐదు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. లోపలి అలల గీతలు పట్టీకి నిలువుగా, అంటే తల మీద పెట్టుకున్నప్పుడు పైకీ కిందికీ ఉండాలి. అప్పుడు పట్టీ చుట్ట చుట్టినట్టు గుండ్రంగా వంగుతుంది. గీతలు పట్టీ పొడవునా పోతే ఎక్కడ పడితే అక్కడ విరిగి మూలలు దేలుతుంది. కోశాక బల్ల అంచు మీద వేసి రెండు చేతులతో అటూ ఇటూ లాగితే అట్ట మెత్తబడుతుంది.

పట్టీ మీద రెండు బద్దలు, ఒకటి నుదుటి నుంచి మెడ వెనక్కి, ఒకటి చెవి నుంచి చెవికి. ఇప్పటికి బుట్ట పిడిలా కనబడుతుంది, పిల్లలు నవ్వుతారు. దాన్ని బోర్లించిన చిన్న స్టీలు బిందె అడుగు మీద పెట్టాలి. బిందెకు ముందే పాలిథిన్ కవరు చుట్టకపోతే బిందె కూడా టోపీలో భాగమైపోతుంది. వంట అక్కలు మొదట బిందె ఇవ్వనన్నారు, కవరు చూపించాకే ఇచ్చారు.

బంక మైదా లై. గ్లాసు మైదా చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగైదు గ్లాసుల మరుగుతున్న నీళ్లలో పోస్తూ తిప్పితే కాసేపటికి తెల్లదనం పోయి గాజులా మెరుస్తుంది. అప్పుడు దించాలి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు చేతులతో పూసే చోట, అదే చేత్తో అన్నం తినే చోట, దాన్ని గడప లోపలికి రానివ్వొద్దు. మేము వేపాకు మరిగించిన నీళ్లు వాడాం. రెండు వేళ్ల వెడల్పు న్యూస్‌పేపర్ పీలికలు లైలో ముంచి, బద్దల నడుమ ఖాళీల మీద ఒకసారి అడ్డంగా, ఆరాక ఒకసారి నిలువుగా వేయాలి. కాగితాన్ని కత్తిరించకుండా చించితే అంచు బాగా కలిసిపోతుంది. మొత్తం నాలుగు పొరలు వేశాం. ఆగస్టు నెల, నిజాంసాగర్ కాలువ కింద మడులన్నీ నీళ్లతో ఉంటాయి, గాలే తడిగా ఉంటుంది. ఎండాకాలంలో పూటకు ఆరేది రోజున్నర పట్టింది. రాత్రిపూట స్టడీ హాల్‌లో ఫ్యాన్ల కింద బిందెలు బోర్లించి పెట్టాం. కాపలా అమ్మ లైటు వేసి ఎనిమిది తలకాయలనుకుని ఉలిక్కిపడింది.

కొమ్ములే అసలు పరీక్ష. అందం ఒక్కటే చూస్తే చాలదు, ఒకదానికొకటి తాకి నిలబడాలి. తుపాకీ గొట్టంలా నేరుగా ఉంటే దున్న కొమ్ము అనరు, వంపు తేవాలి. ఇక్కడ మా లెక్కల టీచరమ్మ ముందుకొచ్చింది. పదో తరగతి క్షేత్రమితిలో శంకువు ఉంది కదా, కొమ్ము అంటే వంగిన శంకువే. పొడవు 30 సెంటీమీటర్లు, మొదలు దగ్గర అడ్డం ఆరు అనుకుంటే, మొదలు చుట్టుకొలత 19కి కొంచెం తక్కువ. 30 వ్యాసార్థంతో గీసిన వృత్తంలో అంత చాపం రావాలంటే 36 డిగ్రీల ముక్క కోయాలి. నల్లబల్ల మీద ఆ లెక్కకు మొహం తిప్పుకునే పిల్లలు కోణమాని పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని గీశారు. మేము బి.ఇడి.లో ‘చేస్తూ నేర్చుకోవడం’ అని నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. అది కళ్లారా చూడడానికి ఇన్నేళ్లు పట్టింది.

దీనికి పెట్టె అట్ట మందం, చుట్టుకోదు. పాత కేలెండర్ అట్ట, చెప్పుల డబ్బా అట్ట సరిపోతాయి. శంకువు చుట్టి అంటించాక, లోపలి వంపు వచ్చే వైపు రెండు వేళ్ల దూరానికొకటి చొప్పున ఐదు చోట్ల సన్నటి పుచ్చకాయ ముక్క ఆకారంలో కోసి తీసేయాలి. వంచితే ఆ కోతలు మూసుకుని కొమ్ము వంపు తిరుగుతుంది. కోతల మీద రెండు పొరలు న్యూస్‌పేపర్. మొదలు నుంచి మూడో వంతు దాకా పొడి కాగితం ఉండలు కూరాలి, తాకినప్పుడు నొక్కుకుపోకుండా. కొస మాత్రం మొద్దుగా ఉండాలి. గుడ్డ ఉండ పెట్టి కాగితం చుట్టాం. ఆటలో ఊపు మీద ఉన్నప్పుడు పక్క పిల్ల కన్ను ఎక్కడుందో ఎవరు చూస్తారు?

కొమ్మును ఊరికే బంకతో టోపీకి అంటిస్తే మొదటి తాకుడుకే ఊడి చేతిలోకి వస్తుంది. అందుకే చెవి నుంచి చెవికి పోయే బద్ద మీద ఫైవ్ ప్లై పట్టీ ఇంకొకటి వేశాం. కొమ్ము మొదలును ఎనిమిది రేకులుగా చీల్చి, పువ్వులా విప్పి, ఆ పట్టీ మీద ఫెవికాల్‌తో అంటించి, దబ్బనంతో రంధ్రాలు చేసి సుతిలి తాడుతో కుట్టాం. రెండు కొమ్ముల తాడు ఒకటే. అప్పుడు ఒక కొమ్ము మీద పడ్డ దెబ్బ రెండో దానికీ పంచుకుంటుంది. కుట్టు మీద పాత నూలు చీర పీలికలు. లోపల మెత్తటి గుడ్డ, గడ్డం కిందికి నాడా. కూరగాయల తక్కెడలో పెడితే 280 గ్రాములు తూగింది. నోటుపుస్తకం కంటే కాస్త ఎక్కువ.

రంగు దగ్గర ఒక ముచ్చట. పిల్లలు కొమ్ములకు నిండా నలుపు వేయబోయారు. తండాల్లో చూసేది ఇంటి బర్రెనే కదా. అడవి దున్న కొమ్ము అలా ఉండదు. మొదలంతా లేత పసుపు, పచ్చ కలిసిన రంగు, కొస మాత్రమే నలుపు. మా కోయ అమ్మాయి చెప్పింది, ఆమె తాకి చూసిన కొమ్ములవి. ముందు సుద్దపొడిలో ఫెవికాల్ కలిపి పూత, దాని మీద రంగు. తలపాగ చుట్టూ ఎర్ర గుడ్డ. నెమలి ఈకలు పెడదామని ఒకరన్నారు. రాలిన ఈకలు ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, కాని రాలినవో పీకినవో చూసేవాళ్లకు తెలియదు. పాత పెళ్లి కార్డులు కత్తిరించి ఈకలు చేశాం. మొత్తం ఎనిమిదింటికి మైదా, ఫెవికాల్, రంగులు కలిపి ఏడు వందలు కాలేదు. కిరాయి డ్రెస్సులకైతే ఒక్క పూటకే అంతకు ఎన్నో రెట్లు.

ఆట రోజు. వ్యాఖ్యాత మైకులో ‘ఇప్పుడు అడవి మనుషుల ఆటవిక నృత్యం’ అన్నాడు. పాపం, చీటీలో ఏముందో అదే చదివాడు కాబోలు. మేము కుర్చీలోంచి లేచేలోపే మా కోయ అమ్మాయి కొమ్ములతోనే మైకు దగ్గరికి పోయింది. హాస్టల్‌లో పేరు పిలిచినా మెల్లగా పలికే పిల్ల. ‘ఇది కొమ్ము కోయ ఆట. కోయోళ్లది. మా మామ వాళ్లు పెళ్లిళ్లలో ఆడతారు. ఈ కొమ్ములు అట్టవి, మా హాస్టల్‌లో చేసినం. దున్నను చంపలేదు’ అని చెప్పి వరుసలోకి వచ్చి నిలబడింది. సభ ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండి, తర్వాత చప్పట్లు కొట్టింది. ఆ చివరి మాట మేము నేర్పలేదు. ఎనిమిది నిమిషాల ఆటలో ఎన్నిసార్లు కొమ్ములు తాకాయో లెక్క లేదు. ఒకరి నాడా తెగింది, ఎడమ చేత్తో పట్టుకునే ఆడింది. కొమ్ము ఒక్కటీ ఊడలేదు.

వీడియో మామకు పంపాం. మరునాడు ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడని పిల్లలంతా చుట్టూ చేరారు. ‘కొమ్ములు బాగున్నాయి. అడుగు తప్పు, కుడి కాలు ముందు పడాలి. దసరా సెలవులకు పిల్లను పంపండి, నేర్పిస్తా’ అన్నాడు. అమ్మాయి వెళ్లింది. తిరిగి వచ్చి తండా పిల్లలకు అడుగులు దిద్దుతోంది. బదులుగా వాళ్లు తీజ్ నాటి గోధుమ మొలకల బుట్టల దగ్గర ఆడే ఆట ఆమెకు నేర్పారు.

టోపీలు ఇప్పుడు పాలిథిన్ సంచుల్లో, వేపాకు వేసి, అటక మీద ఉన్నాయి. మైదా లై అంటే ఎలుకకు విందు. రెండింటి కొసలు అప్పటికే కొరికింది, పిల్లలు మళ్లీ పీలికలు అంటించారు. వానాకాలం పోయాక ఇంకా నాలుగు చేయాలని వాళ్ల ఆలోచన, చిన్న తలల కొలతకు. ఐదో తరగతి వాళ్లు వరుసలో నిలబడి అడుగుతున్నారు.

కొమ్ము కొలతలు, 36 డిగ్రీల ముక్క, ఐదు కోతల గుర్తులు ఒక పాత కేలెండర్ వెనక గీసి స్టడీ హాల్ గోడకు తగిలించాం. మీ హాస్టల్ వాళ్లు, మీ తండా బడివాళ్లు ఎవరైనా సరే, వచ్చి అచ్చు తీసుకుపోవచ్చు. వచ్చేటప్పుడు నూనె అంటని అట్టపెట్టెలు నాలుగు పట్టుకురండి, మా దగ్గర అయిపోయాయి. సెలవు.